మాటొచ్చినా మార్కులు రాని ఉద్యోగులు

తిరుపతి రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో ఒక లాడ్జి. పొద్దున ఐదున్నర. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి సేలం నుంచి వచ్చిన పెద్దాయనకు ‘పదినోరు మణిక్కుదాన్ రూమ్ కాలియాగుమ్ అయ్యా’ అని, పదకొండింటికి గాని గది ఖాళీ కాదని చెప్పాడు. వెంటనే హుబ్బళ్లి కుటుంబం వైపు తిరిగి ‘స్వల్ప కూత్కొళ్ళి అమ్మా’ అంటూ కుర్చీలు చూపించాడు. నాందేడ్ వాళ్లు ఆధార్ జిరాక్సులు ఎన్ని కావాలని హిందీలో అడిగితే హిందీలోనే జవాబిచ్చాడు. మధ్యలో కుప్పం మనిషెవరో సంచులు ఎక్కడ పెట్టాలంటే ‘ఆడ పెట్టన్నా, నేను చూస్తా ఉంటా’ అన్నాడు. పది నిమిషాల్లో నాలుగు భాషలు.

ఆ అబ్బాయికి ఇంగ్లిష్ లెవల్ టెస్ట్‌లో యాభైకి తొమ్మిది వచ్చాయి. స్టాఫ్‌కు ఇంగ్లిష్ క్లాసులు పెట్టాలనుకున్న యాజమాన్యం, ముందు ఎవరి స్థాయి ఎంతో తేల్చమంది. వాళ్లు తెప్పించిన పేపర్ దిద్దింది నేనే. ఖాళీల్లో ప్రిపొజిషన్ పెట్టండి, వాక్యాన్ని కర్మణిలోకి (పాసివ్ వాయిస్‌లోకి) మార్చండి అంటూ సాగిన పేపర్ అది. అందులో నలభై ఒకటి తెచ్చుకున్న డిగ్రీ అమ్మాయి, ఫోన్‌లో ఎవరైనా ఇంగ్లిష్‌లో మాట్లాడితే రిసీవర్ తెచ్చి ఇతని చేతికిస్తుంది. అయినా ఆమెను పై బ్యాచ్‌లో, ఇతన్ని ఏబీసీడీల బ్యాచ్‌లో వేశారు. ‘నాకేమీ రాదని రాసేసినారా సార్?’ అని అడిగాడు. అవును, అలాగే రాశాం. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. ఈ కొలతలు ఎక్కడ పుట్టి మన దాకా ఎలా వచ్చాయో వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

వెతికేకొద్దీ ఒకే చిక్కు మళ్లీ మళ్లీ ఎదురైంది. ఉద్యోగి పనిలో వాడే భాషను కొలవాలా, పుస్తకంలో ఉండే భాషను కొలవాలా? రెండోదానికి ప్రశ్నపత్రం తయారుచేయడం తేలిక, దిద్దడం తేలిక. అందుకే ఎక్కువమంది దాన్నే కొలిచారు.

మన వైపు ఈ కథ 1812లో మద్రాసులో మొదలవుతుంది. అంతకుముందు ఈస్టిండియా కంపెనీ అధికారికి, రైతుకు మధ్య మాటలు అటూ ఇటూ చేర్చే దుబాసీ ఉండేవాడు. అతని నోట పడితే గాని రైతు గోడు దొరకు చేరేది కాదు, చేరినా ఎంత చేరిందో చెప్పేవాడు లేడు. ఇంగ్లండ్ నుంచి వచ్చే కుర్ర ఉద్యోగులకు ఇక్కడి భాషలు నేర్పి, పరీక్ష పెట్టి, ఆ తర్వాతే జిల్లాలకు పంపడానికి కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చొరవతో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ ఏర్పడింది. ఎ.డి.క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది ఆ వాతావరణంలోనే. ఉద్యోగంలో భాషకు పరీక్ష, పరీక్షకు ముందు శిక్షణ, ఫలితాన్ని బట్టి పోస్టింగ్ అనే ఏర్పాటు అలా మన గడ్డ మీదికి వచ్చింది.

ఆ కాలేజీకి 1817లో వచ్చినవాడే సి.పి.బ్రౌన్. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టి, 1820లో పరీక్ష గట్టెక్కి, కడపకు వెళ్లాడు. అప్పటి కడప జిల్లా అంటే మదనపల్లె, వాయల్పాడు కూడా అందులోవే. బ్రౌన్ అనగానే మనకు 1852 నాటి తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు, వేమన పద్యాలు గుర్తొస్తాయి. ఉద్యోగ భాష సంగతి వచ్చినప్పుడు నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటుంది. అదే 1852లో ఆయన ‘జిల్లా నిఘంటువు’ అని మరొకటి అచ్చువేశాడు. కచేరీ పనుల్లో నిత్యం దొర్లే మాటలకే కేటాయించిన పుస్తకం అది. జమాబందీ, తకావి, ముచ్చలిక, ఫైసలా వంటి మాటలు ప్రబంధాల్లో దొరకవు. అవి తెలియకుండా అర్జీ ఒక్కటి కూడా అర్థం కాదు. పరీక్ష పాసై మూడు దశాబ్దాలు దాటిన మనిషి, ఆఫీసు మాటలకు వేరే పుస్తకం కావాలని గుర్తించి రాశాడంటే, పరీక్షలో కొలిచే తెలుగుకు, కచేరీలో కావలసిన తెలుగుకు ఎంత ఎడముందో అర్థమవుతుంది.

ఇక మన ఉమ్మడి చిత్తూరు జిల్లా సంగతి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు తాలూకాలు ఉత్తర ఆర్కాడు నుంచి, మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మద్రాసు రాష్ట్రంతో సరిహద్దు తగాదా మధ్యవర్తి పటాస్కర్ తీర్పు దాకా వెళ్లింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, సత్యవేడు వైపు గ్రామాలు ఇటు వచ్చాయి. గీత మారినంత మాత్రాన ఇళ్లలో మాట మారదు కదా. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తమిళం, కుప్పం, పలమనేరు వైపు తమిళంతో పాటు కన్నడం ఇంటింటా వినిపిస్తూనే ఉన్నాయి. బడిలో మాత్రం తెలుగు. అందువల్ల ఇక్కడి మనిషికి నోటికొచ్చే భాషలు వేరు, చేతికొచ్చే భాషలు వేరు. తమిళంలో పెళ్లి సంబంధం మాట్లాడి ముగించగలిగిన మనిషి తమిళ బస్సు బోర్డు చదవలేకపోవచ్చు. ఇలాంటి మనిషికి ‘తమిళం వచ్చా, రాదా’ అని ఒకే గడి పెట్టిన దరఖాస్తు ఇస్తే ఏం రాయాలి? మన ప్రాంతంలో భాషా స్థాయిని కొలిచే ఎవరైనా ఇక్కడే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం.

1966లో అధికార భాషా చట్టం వచ్చి తెలుగు రాష్ట్ర పాలనా భాష అయింది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో నడిచింది ఇంకో దారి. 1960 ఏప్రిల్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో ఉద్యోగులకు హిందీ శిక్షణ తప్పనిసరి అయింది. ప్రబోధ్, ప్రవీణ్, ప్రాజ్ఞ అని మూడు మెట్లు పెట్టారు. రైల్వేలోనో బ్యాంకులోనో పనిచేసిన మన పెద్దవాళ్లను అడగండి, ఈ మూడు పేర్లు గడగడా చెబుతారు. 1976 నాటి అధికార భాషా నియమాలు హిందీ వచ్చినవాళ్లను రెండు రకాలుగా చూశాయి: పని నడిపే పాటి జ్ఞానం ఉన్నవాళ్లు, ప్రావీణ్యం ఉన్నవాళ్లు. ఒక ఆఫీసులో నూటికి 80 మందికి మొదటి రకం జ్ఞానం ఉంటే ఆ ఆఫీసును ప్రత్యేకంగా నోటిఫై చేయవచ్చు. ఆ జ్ఞానం ఉందని తేలడానికి మెట్రిక్‌లో హిందీ ఒక సబ్జెక్టుగా పాసవడం ఒక దారి. నిర్ణీత ఫారంలో ‘నాకు ఆ జ్ఞానం ఉంది’ అని ఉద్యోగి స్వయంగా రాసిచ్చినా సరిపోతుంది. ఆఫీసు మొత్తం మీద ఎందరని లెక్క తీయడానికి ఇది పనికొస్తుంది. రేపు ఎవరికి ఏ పాఠం చెప్పాలో తెలుసుకోవడానికి పనికిరాదు. టికెట్ కౌంటర్‌లో కూర్చునే ఉద్యోగికి వినడం, జవాబు చెప్పడం కావాలి, సెక్షన్‌లో కూర్చునేవారికి నోట్ రాయడం కావాలి. ఇద్దరి ఫారంలోనూ ఉండేది ఒకే వాక్యం.

అమెరికా ప్రభుత్వం 1952లో సరిగ్గా ఈ గోడకే గుద్దుకుంది. తన ఉద్యోగుల్లో ఎవరికి ఏ భాష ఎంత వచ్చో జాబితా తీయమని అక్కడి సివిల్ సర్వీస్ కమిషన్‌కు చెప్పారు. కమిషన్ దగ్గర పరీక్షా లేదు, కొలబద్దా లేదు. ఉన్నవల్లా ఉద్యోగ దరఖాస్తుల్లో ‘ఫ్రెంచ్ ధారాళంగా వచ్చు’, ‘జర్మన్ చాలా బాగా వచ్చు’ అని ఎవరికి వారు రాసుకున్న మాటలు. యూనివర్సిటీల పరీక్షలు చూస్తే అవి ఉద్యోగం పనికి అతకలేదు. దాంతో విదేశాంగ శాఖ శిక్షణ సంస్థలో 0 నుంచి 5 వరకు ఒక కొలమానం తయారైంది. 1958 నాటికి విదేశాంగ అధికారులందరికీ ఆ పరీక్ష తప్పనిసరి చేశారు.

ఆ పరీక్ష రాతది కాదు, కూర్చోబెట్టి మాట్లాడించేది. ఆ పద్ధతిలో చేయి తిరిగినవాళ్లు చేసే పని చూస్తే ముచ్చటేస్తుంది. మొదట ఊరు, ఇల్లు, పని గురించి తేలిక మాటలు. ఎదుటి మనిషి భయం పోయాక, ‘నిన్న పొద్దున ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి’ అంటారు. అది నడిస్తే ఇంకో మెట్టు ఎక్కిస్తారు: ‘గది శుభ్రంగా లేదు, డబ్బు వెనక్కివ్వమని ఒకరు గొడవ పడుతున్నారు. నేనే ఆ మనిషిననుకోండి, సర్దిచెప్పండి’. వాక్యాలు విరిగి, మాటలు వెతుక్కోవడం మొదలైన చోటు పై హద్దు. ఎంతసేపు మాట్లాడించినా తొణక్కుండా నిలబడ్డ చోటు ఆ మనిషి స్థాయి. చివర్లో మళ్లీ తేలిక ప్రశ్న ఒకటి అడిగి, ‘నేను మాట్లాడగలిగాను’ అనే ధైర్యంతో బయటికి పంపుతారు. ఇరవై, ముప్పై నిమిషాల పని. దీనికి ప్రశ్నపత్రం కంటే, ఓపికగా వినే మనిషి ముఖ్యం.

యూరప్ దీన్ని ఇంకోవైపు నుంచి పెంచింది. 1991లో స్విట్జర్లాండ్‌లోని రుష్లికాన్‌లో జరిగిన సమావేశం తర్వాత, పదేళ్ల కృషితో 2001లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ భాషా స్థాయిలకు ఒక ఉమ్మడి చట్రం ప్రచురించింది. ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఇప్పుడు మన కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే మెట్లు అందులోవే. ఏమేం తెలుసని కాక, ఆ భాషలో ఏమేం చేయగలరని అడగడం దాని మూలసూత్రం. వినడానికి, చదవడానికి, సంభాషణకు, రాయడానికి వేర్వేరు స్థాయిలు ఉండవచ్చని అది ముందే ఒప్పుకుంది. 2020లో పూర్తిగా వెలువడిన అనుబంధ గ్రంథం ఇంకొక అడుగు వేసింది. ఒకరి మాటను ఇంకొకరికి అందించడం, ఉన్న భాషలన్నీ కలిపి పని నడపడం కూడా కొలవదగిన నైపుణ్యాలేనని వాటికి వివరణలు రాసిపెట్టింది. ఆ పేజీలు చదువుతుంటే నాకు లాడ్జి కౌంటరే కళ్లముందు కదిలింది. మన కండక్టర్లు, హోటల్ సర్వర్లు, కొండ మీద క్యూలో యాత్రికులకు దారి చెప్పే సేవకులు రోజూ చేసేది అదే. ఆ పని ఇక్కడ ఏ సర్వీస్ రిజిస్టర్‌లోకీ ఎక్కగా నేను చూడలేదు.

తూర్పు నుంచి వచ్చిన కొలతలు వేరే. జపాన్ అవసరాల కోసం అమెరికా సంస్థ తయారుచేసిన టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష 1979లో మొదలైంది. చాలాకాలం అందులో వినడం, చదవడం మాత్రమే ఉండేవి, మాట్లాడడం, రాయడం 2006లో చేరాయి. జపనీస్ భాషకు జేఎల్‌పీటీ అనే పరీక్ష 1984లో వచ్చింది. 2010 నుంచి ఎన్5 మొదలు ఎన్1 దాకా అయిదు మెట్లు. మన దగ్గర ఇది దూరపు ముచ్చట కాదు. 1960లో ఇటు కలిసిన ఆ సత్యవేడు వైపే 2008లో శ్రీసిటీ పారిశ్రామిక వాడ మొదలైంది. ఇసుజు, కొబెల్కో, డైకిన్ అక్కడే ఉన్నాయి. జపనీస్ నేర్చుకుంటే ఉద్యోగంలో పైకి వెళ్లొచ్చని మన పిల్లలు ఎన్5, ఎన్4 పుస్తకాలు పట్టుకుంటున్నారు. తప్పక చదవాలి. కానీ ఒక్క సంగతి తెలిసి చదవాలి: జేఎల్‌పీటీలో మాట్లాడించే పరీక్ష లేదు. ఎన్4 సర్టిఫికెట్ ఉన్న పిల్లాడు లైన్ ఎందుకు ఆగిందో ఇంజనీరుకు నోటితో చెప్పగలడా లేదా అన్నది ఆ కాగితం చెప్పదు. సంస్థే విడిగా అడిగి తెలుసుకోవాలి.

లాడ్జిలో రెండోసారి కొలిచే అవకాశం అడిగి తీసుకున్నాను. ఈసారి పేపర్ పట్టుకెళ్లలేదు. మూడు ఉదయాలు కౌంటర్ పక్కన కూర్చుని, అక్కడ ఇంగ్లిష్ దేనికి కావాలో రాసుకున్నాను. విదేశీ పాస్‌పోర్ట్‌తో వచ్చినవాళ్ల వివరాలు చదివి 24 గంటల్లోగా ప్రభుత్వానికి ఆ వివరాలిచ్చే ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. ఫోన్‌లో బుకింగ్ తీసుకోవాలి, తేదీలు మళ్లీ చదివి ఖాయం చేసుకోవాలి. డబ్బు వాపసు అడిగిన మెయిల్‌కు జవాబు రాయాలి. దాదాపు ఇంతే. కర్మణి వాక్యం అవసరం ఒక్కసారీ రాలేదు.

తర్వాత ఒక్కొక్కరిని ఆ పనుల మీదే మాట్లాడించాను. పక్క గదిలోంచి నేనే ఫోన్ చేసి రూమ్ అడిగాను. తొమ్మిది మార్కుల అబ్బాయి తప్పుల ఇంగ్లిష్‌తోనే తేదీ, మనుషుల సంఖ్య, వచ్చే రైలు, అన్నీ సరిగ్గా రాబట్టాడు. మెయిల్ రాయమంటే మాత్రం రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. నలభై ఒకటి వచ్చిన అమ్మాయి మెయిల్ చక్కగా రాసింది, ఫోన్‌లో ‘ఒక్క నిమిషం’ అని పెట్టేసింది. పై బ్యాచ్, కింది బ్యాచ్ తీసేసి, ఫోన్‌కొక బ్యాచ్, రాతకొక బ్యాచ్ పెట్టాం. రాతలో ఆమె అతనికి చూపిస్తుంది, ఫోన్ దగ్గర అతను పక్కన నిలబడతాడు. ఫలితం జీతానికి గానీ ప్రమోషన్‌కు గానీ ముడిపెట్టవద్దని యాజమాన్యాన్ని ముందే ఒప్పించాను. భయం పెడితే ఎవరూ తమకు రానిది బయటపెట్టరు.

చివర్లో ఎవరి స్థాయి వాళ్లే నింపుకునే ఫారం ఇచ్చాను. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అని నాలుగు గళ్లు, ఇంగ్లిష్‌కు ఒక వరస. ఆ అబ్బాయి నింపి, కాగితం తిరిగివ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ‘మిగతావి ఎక్కడ రాయాల సార్?’ అన్నాడు. స్కేలు తెప్పించి కింద ఇంకో మూడు వరసలు గీసి, తమిళం, కన్నడం, హిందీ అని రాసిచ్చాను. కౌంటర్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. తమిళం రాయడం దగ్గర వెంటనే సున్నా వేశాడు. మాట్లాడడం గడి దగ్గర పెన్ను ఆపి, ‘మా అవ్వ తిరుత్తణి ఆమె సార్, ఐదు వేసుకోవచ్చా?’ అని అడిగాడు.