ఎర్ర బటన్ నొక్కితే కూలబడే మరమనిషి

కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే రోబో చేయిని నేలకు బోల్టులతో బిగిస్తారు. తేడా వస్తే ఎర్ర బటన్ నొక్కుతారు. కరెంటు ఆగి, బ్రేకులు పడి, చేయి ఉన్నచోటే నిలుస్తుంది. రెండు కాళ్ల హ్యూమనాయిడ్ (మనిషి ఆకారపు రోబో) దగ్గర ఈ పద్ధతి చెల్లదు. మోటార్లకు కరెంటు పోగానే అది కుప్పకూలుతుంది, పక్కనున్న మనిషి మీదైనా సరే. పోనీ మెల్లగా కూర్చోబెడదామంటే, కూర్చోవడానికీ మోటార్లు పనిచేయాలి. ఇలాంటి యంత్రాల కోసమే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థలో ఐఎస్ఓ 25785-1 అనే కొత్త భద్రతా ప్రమాణం రాయడం మొదలైంది. అమెరికాలోని జార్జియాలో ఒక గోదాంలో 2024 నుంచి టబ్బులు మోస్తున్న డిజిట్ అనే రెండు కాళ్ల రోబోను మనుషులు అడుగుపెట్టని హద్దుల లోపలే తిప్పింది ఇందుకే.

అసలు పడకుండా నిలబడి నడవడానికే యాభై ఏళ్లు పట్టింది. 1973లో టోక్యోలోని వసేడా యూనివర్సిటీలో ఇచిరో కాటో బృందం వాబోట్-1 అనే రోబోను నడిపించింది. హోండా 1986లో గుట్టుగా పని మొదలుపెట్టి, పదేళ్లకు పీ2ను చూపించింది: ఎత్తు 182 సెం.మీ., బరువు 210 కిలోలు. 2000 నాటి అసిమో 120 సెం.మీ., 52 కిలోలకు దిగింది. నేల పాదాన్ని పైకి తోసే బలం ఏ బిందువు దగ్గర పడుతుందో, అది పాదం అంచు దాటకుండా అడుగులను లెక్కగట్టడం ఈ హోండా రోబోల కిటుకు. లెక్కకు అందని కుదుపు వస్తే పడిపోవడమే. 2006లో అసిమో జనం ముందే మెట్ల మీద పడింది.

జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత, అలాంటి చోట పనిచేసే రోబోల కోసం అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పెట్టిన పోటీ 2015లో కాలిఫోర్నియాలోని పొమోనాలో ముగిసింది. గంటలో ఎనిమిది పనులు. తలుపు దగ్గరే కొన్ని రోబోలు బోర్లాపడ్డాయి. గెలిచిన కొరియా హ్యూబో మోకాళ్ల మీద కూర్చుని, చక్రాలతో దొర్లగలదు!

తర్వాత దారి మారింది. కంప్యూటర్లో రోబో నకళ్లను వేలల్లో పడేసి, లేపి, నేల జారుడునూ బరువునూ మారుస్తూ నడక నేర్పారు. 2025 ఏప్రిల్‌లో బీజింగ్‌లో తియాంగాంగ్ అనే రోబో 21 కిలోమీటర్లు 2 గంటల 40 నిమిషాల్లో పూర్తిచేసింది, మధ్యలో మూడుసార్లు బ్యాటరీ మార్చుకుని.

చేతుల సంగతి వేరు. పెద్దల తెలివి పరీక్షల కన్నా ఏడాది పిల్లాడి చూపూ కదలికలే యంత్రానికి కష్టమని రోబో పరిశోధకుడు హాన్స్ మొరావెక్ 1988లోనే రాశాడు. ఆయన పనిచేసిన కార్నెగీ మెలన్ రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టర్ మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

మాటలు నేర్పడానికి ఇంటర్నెట్ నిండా రాత ఉంది. వేలి పట్టు ఎంత బిగించాలో ఎక్కడా రాసి లేదు. అందుకే మనిషి దూరం నుంచి రోబోను ఆడిస్తూ అదే పనిని వందలసార్లు చేసి చూపాలి. హ్యూమనాయిడ్లు తయారుచేసే ఫిగర్ సంస్థ 2025లో తెచ్చిన హెలిక్స్ అనే ఏఐకి ఇలా సుమారు 500 గంటల పాఠం పెట్టారు. అందులో దృశ్యాన్నీ మాటనూ గ్రహించే పెద్ద మోడల్ సెకనుకు 7 నుంచి 9 సార్లు ఆలోచిస్తే, కీళ్లకు ఆజ్ఞలిచ్చే చిన్న మోడల్ 200 సార్లు స్పందిస్తుంది.

రోబో తప్పు చేసేది ఎక్కువగా వస్తువును పట్టుకునే ఘడియలోనే. అరచేయి అడ్డొచ్చి కెమెరాకు వస్తువు కనబడదు. పట్టు కాస్త పక్కకు జరిగితే, పాఠంలో ఎన్నడూ చూడని స్థితిలోకి చేయి పోతుంది. అక్కణ్ణుంచి ప్రతి కదలికా తప్పును పెంచుతుంది. నూటికి 99 సార్లు సరిగ్గా పట్టినా, గంటకు 300 టబ్బులు ఎత్తే చోట మూడుసార్లు మనిషి పరుగెత్తాలి. ఆ మనిషి లోపలికి రావాలంటే ముందు రోబోను ఆపాలి.