నటన గురించి మా వైపు వినిపించే అపోహలు - వాస్తవాలు

నల్గొండలో చుట్టాలింటికి పోయినా, దేవరకొండ బస్టాండులో చాయ్ తాగుతున్నా, నటుడినని తెలియగానే అడిగే మాటలు ఇంచుమించు ఇవే. చాలాకాలం నాటకాలాడి ఇప్పుడు సినిమాల్లో చిన్నాపెద్దా వేషాలు వేస్తున్న మనిషిగా నాకు తెలిసింది రాస్తున్నాను.

అపోహ: ఏడుపు సీన్ అంటే గ్లిజరిన్ వేసుకోవాలి, లేదంటే సొంత బాధ తలచుకోవాలి.

గ్లిజరిన్ వాడతారు, తప్పేమీ లేదు. సొంత బాధ సంగతికే నాకు మనసొప్పదు. ఒకే సీన్‌ని ముందు అందరూ కనబడేలా మాస్టర్ షాట్ తీస్తారు, తర్వాత ఎదుటివాళ్ల భుజం మీదుగా, ఆ తర్వాత క్లోజప్, మధ్యమధ్యలో లైట్లు మార్చేదాకా కూర్చోవాలి. ప్రతిసారీ పోయిన మా నాయనను తలచుకుంటే మూడో టేక్‌కే ఆ జ్ఞాపకం అరిగిపోతుంది. పైగా ఆయన మా అమ్మకూ చెల్లెలికీ కూడా జ్ఞాపకమే, షూటింగుకు పట్టుకుపోయే హక్కు నాకొక్కడికే ఎక్కడిది? నేను ఎదుటి నటుడి మాట నిజంగా వింటాను. చావుకబురు వినే సీన్‌లో చాయ్ గ్లాసు ఏ మాట దగ్గర, ఏ చేత్తో కింద పెట్టానో ప్రతి టేక్‌లోనూ అక్కడే, ఆ చేత్తోనే పెట్టాలి, లేకపోతే ఎడిటింగులో అతకదు. చెయ్యి గ్లాసు మీద, చెవి ఎదుటి గొంతు మీద ఉంటే కన్నీళ్లు వస్తే వస్తాయి, రాకపోయినా సీన్ నిలబడుతుంది.

అపోహ: మన యాసతో కామెడీ వేషాలే వస్తాయి.

ఈ భయం ఊరికే పుట్టలేదు. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన కత్తి కాంతారావు, తుంగతుర్తి నుంచి వచ్చి డాక్టరీ చదివి నటుడైన ప్రభాకర్‌రెడ్డి, ఇద్దరూ మన యాసలో కాదు, అప్పటి సినిమా భాషలోనే పేరు తెచ్చుకున్నారు. ఇప్పుడు హీరోలే తెలంగాణ మాట మాట్లాడుతున్నారు. కానీ తెలంగాణంతా ఒకటే యాస అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అలంపూర్ వైపు కర్నూలు మాట వినబడుతుంది, నారాయణపేటలో కన్నడం, మరాఠీ కలుస్తాయి, కోదాడలో మాట తీరే వేరు. వేరే ఊరి మాట నేర్చుకోవడం మా పనిలో భాగమే, దానికోసం సొంత మాట పోగొట్టుకోవాల్సిన పని లేదు. డబ్బింగులో తెర మీద పెదాలు చూస్తూ, షూటింగులో ఎక్కడ ఊపిరి తీసుకున్నామో మళ్లీ అక్కడే తీసుకోవాలి. చిన్నప్పటి నుంచి మాట్లాడిన మాటలో ఆ ఊపిరి వెతుక్కోకుండానే దొరుకుతుంది.

అపోహ: నాటకాలోళ్లు కెమెరా ముందు అతి చేస్తారు.

కొత్తలో చేస్తారు. చివరి వరుసకు వినబడేలా మాట్లాడిన గొంతు అది, క్లోజప్‌లో రెప్ప వేసినా పెద్దగా కనబడుతుందని అర్థమయ్యాక సర్దుకుంటుంది.

అపోహ: నటులు ఇంట్లోనూ నటిస్తారు, వాళ్ల సంసారం నిలబడదు.

ఇది విన్నప్పుడల్లా బాధేస్తుంది. పొద్దంతా ఎదుటివాళ్ల మాట వినడమే పనైనప్పుడు, భార్య గొంతులో తేడా మనకే ముందు తెలియాలి, తెలిస్తే అడగాలి. మా ఇళ్లలో గొడవలకు కారణం వేరే ఉంది. రేపు షూటింగ్ ఉందో లేదో రాత్రిదాకా తెలియదు, మరదలి పెళ్లికి వస్తామని చెప్పి పోలేకపోతాం, చేసిన పనికి డబ్బు నెలల తర్వాత చేతికొస్తుంది. ఈ టెన్షన్ మోసేది ముందు ఇంట్లోవాళ్లే. అందుకే నటుడికి పిల్లనివ్వాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది, పని లేని నెలల్లో ఇల్లెట్లా గడుస్తుందో ఆ అబ్బాయిని సూటిగా అడగండి, ఎవరి దగ్గర ఎంత బాకీ రావాలో ఇంట్లో దాచకుండా చెప్తాడా లేదా కనుక్కోండి.