పరీక్ష ఒకనాడు, టీకా మరొకనాడు: హెపటైటిస్-బి వెనక కథ

హెపటైటిస్-బిని పట్టుకునే రక్తపరీక్షకూ, దాన్ని రానివ్వని టీకాకూ మూలం ఒకే ప్రోటీన్. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూంబర్గ్ దాన్ని ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్త నమూనాలో గుర్తించి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అన్నారు. అది కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ పైపొరలోనిదని తర్వాత తేలింది. రక్తంలో అది కనిపిస్తే వైరస్ ఉన్నట్టు. దాన్నే శుద్ధి చేసి సూది ద్వారా ఇస్తే రక్షణ. ఇలా ఒకే కాన్పులో పుట్టిన ఈ రెండూ జనం దగ్గరికి మాత్రం వేర్వేరు దారుల్లో వెళ్లాయి.

అందుకు మొదటి కారణం ధర. 1981లో అమెరికాలో అనుమతి పొందిన తొలి టీకాను వైరస్ ఉన్నవారి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నుంచే తీసేవారు కనుక అది ఖరీదైన సరుకు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలు ఎక్కువగా ఉండే కవెరావు అనే చిన్న పట్టణంలో 1984లో దాదాపు ఊరంతటికీ రక్తపరీక్షలు చేసినప్పుడు, వైరస్ పిల్లల్లో ఎంతగా పాతుకుపోయిందో బయటపడింది. టీకాకు డబ్బు చాలకపోవడంతో అక్కడి పరిశోధకులు అతి తక్కువ మోతాదు పనిచేస్తుందేమో పరీక్షించి, పనిచేస్తుందని చూపారు. పరీక్ష చేసినవారే టీకా కోసం కూడా పట్టుబట్టిన అరుదైన సందర్భం అది.

మన దేశంలో ధర సంకెల తెగింది హైదరాబాద్‌లో. వరప్రసాదరెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో తొలి దేశీయ రీకాంబినెంట్ (ప్లాస్మా అక్కరలేకుండా జన్యు సాంకేతికతతో తయారుచేసే) హెపటైటిస్-బి టీకాను దిగుమతి టీకా ధరలో చిన్న వంతుకే తెచ్చింది. ప్రభుత్వం 2002-03లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2011 నాటికి దేశంలోని పసిపిల్లలందరి టీకాల పట్టికలో దీన్ని చేర్చింది. అయితే అప్పటికే పెద్దవాళ్లయినవారు ఆ పట్టికకు బయటే మిగిలిపోయారు. సూదితో మత్తుమందు తీసుకునేవారు, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్లు, ఖైదీల వంటి వర్గాల్లో వైరస్ సోకే ముప్పు మిగతావారికన్నా ఎక్కువ.

వీరి విషయంలో చిక్కు వైద్యానిది కాదు, వాయిదాలది. మామూలు పద్ధతిలో రక్తం ఇచ్చాక ఫలితానికి మళ్లీ రావాలి. వైరస్ లేదని తేలాక మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. రోజు కూలి పోగొట్టుకుని వచ్చే మనిషికి ఇది నాలుగు రోజుల సంపాదన. ఆరో నెల నాటికి అతడు ఏ ఊళ్లో ఉంటాడో అతడికే తెలియదు.

అందుకే ఇంగ్లండ్ జైళ్లలో 0, 7, 21 రోజుల్లో మూడు డోసులిచ్చి, ఏడాదికి నాలుగోది వేసే వేగవంతమైన పద్ధతి వాడుకలోకి వచ్చింది. మత్తుమందు సూదితో తీసుకునేవారికి ఇలాంటి వేగవంతమైన పద్ధతినే అందుబాటులో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. అమెరికా మార్గదర్శకాలు మరో అడుగు ముందుకు వేసి, ఫలితం కోసం టీకాను ఆపవద్దన్నాయి. ఇదివరకే వైరస్ సోకినవారికి టీకా వేసినా హాని లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది: ముందు రక్తం తీయాలి, తర్వాతే టీకా వేయాలి. టీకాలో ఉన్నదీ ఆ ప్రోటీనే కాబట్టి, క్రమం తిరగబడితే రెండు మూడు వారాల దాకా పరీక్ష వైరస్ ఉన్నట్టు తప్పుగా చూపవచ్చు. ఒకే బల్ల మీద రెండు పనులూ చేసే నర్సుకు ముందుగా నేర్పవలసింది ఇదే.

బ్లూంబర్గ్ పుట్టిన రోజైన జులై 28నే, 2018లో, భారత్ జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించి పరీక్షలను, చికిత్సను ఉచితం చేసింది. 2023లో జైళ్లలో సుఖవ్యాధులు, హెచ్‌ఐవీ, క్షయ, హెపటైటిస్ పరీక్షలను కలిపి జరిపారు. నాలుగు జబ్బులకు ఒకేసారి వరుసలో నిలబెట్టగలిగినప్పుడు, వైరస్ లేదని తేలినవాణ్ణి టీకా వేయకుండా బ్యారక్‌కు పంపడానికి కారణం చెప్పడం కష్టం. అతడు విడుదలయ్యాక మిగిలిన డోసు ఎక్కడ వేయించుకోవాలో రాసిచ్చే చీటీ కూడా ఆ బల్ల మీదే ఉండాలి.