ఈమెయిల్ ఇంకా టేబుళ్లు దాటి ఎందుకు రాలేదు

ఫ్లెక్స్‌బాక్స్, గ్రిడ్ అనే కొత్త అమరిక పద్ధతులతో అలవోకగా పేజీలు కట్టే వెబ్ డెవలపర్‌ని పిలిచి "ఈ న్యూస్‌లెటర్ కూడా కాస్త కోడ్ చేసిపెట్టు" అంటారు ఆఫీసులో. పాత టెంప్లేట్ తెరిస్తే గళ్ల పట్టికలాంటి టేబుల్, అందులో టేబుల్, దాని సెల్‌లో ఇంకో టేబుల్. ప్రతి సెల్‌కీ విడివిడిగా రాసిన స్టైల్. మొత్తం వెడల్పు 600 పిక్సెళ్లు. మధ్యమధ్యలో మైక్రోసాఫ్ట్ మెయిల్ సాఫ్ట్‌వేర్ అవుట్‌లుక్‌కి మాత్రమే అర్థమయ్యే వింత కామెంట్లు. పాతికేళ్ల కిందట వెబ్‌సైట్లు కట్టిన పద్ధతి ఇది. చూసినవాళ్లలో చాలామంది ఈమెయిల్ టీమ్‌ల బద్ధకం అనుకుంటారు. వెనక్కి వెళ్లి చూస్తే బద్ధకం కంటే బలమైన కారణాలు కనిపిస్తాయి. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాషని ఈమెయిల్‌లోకి రానిచ్చారు గానీ, ఏ మేరకు రానివ్వాలో అందరూ కూర్చుని తేల్చుకోలేదు. మెయిల్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ప్రతి కంపెనీ తన భయాన్నిబట్టి, తన అవసరాన్నిబట్టి కత్తిరించుకుంటూ పోయింది.

ఈమెయిల్ మొదట అక్షరాల కోసమే పుట్టింది, అవి కూడా ఇంగ్లీషు అక్షరాలు. 1982లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 821, 822 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల ప్రకారం సందేశమంటే ఏడు బిట్ల ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల కోడ్) వరసలే. బొమ్మలకు చోటు లేదు, తెలుగుకూ లేదు. ఆన్‌లైన్‌లో తొలితరం తెలుగువాళ్లు అమెరికా యూనివర్సిటీల నుంచి యూజ్‌నెట్ చర్చావేదికల్లో, మెయిళ్లలో తెలుగు రాసుకోవడానికి ఇంగ్లీషు అక్షరాలనే వాడుకున్నారు. రైస్ యూనివర్సిటీలో పుట్టి, దాని పేరే పెట్టుకున్న ఆర్‌టీఎస్ పద్ధతి అలా వచ్చిందే. 

మిగతా భాషలకు, బొమ్మలకు తలుపు తీసినవాళ్లు నెథానియెల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్. వాళ్లు రూపొందించిన మైమ్ ప్రమాణం 1992 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1341గా వెలువడింది. అంతకు మూడు నెలల ముందు, మార్చి 11న, బోరెన్‌స్టైన్ తన పాటల బృందం ఫొటోని, వాళ్లు పాడిన పాటని ఒక మెయిల్‌కి జోడించి పంపాడు. మనం రోజూ పంపే అటాచ్‌మెంట్లకు అదే నాంది. మైమ్‌లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. ఒకే సందేశాన్ని రెండుమూడు రూపాల్లో, సాదా రూపం ముందు, హంగులున్న రూపం చివర పెట్టి పంపొచ్చు. అందుకున్న సాఫ్ట్‌వేర్ తనకు చేతనైనవాటిలో చివరిదాన్ని చూపిస్తుంది. ఇవాళ్టికీ మంచి న్యూస్‌లెటర్లన్నీ హెచ్‌టీఎంఎల్‌తో పాటు సాదా టెక్స్ట్ కూడా మోసుకెళ్లేది ఈ ఏర్పాటు వల్లే. 

కానీ మైమ్ చెప్పింది డబ్బా మీద లేబుల్ గురించి మాత్రమే. "ఇందులో హెచ్‌టీఎంఎల్ ఉంది" అని రాయొచ్చు. ఏ హెచ్‌టీఎంఎల్, ఎంత సీఎస్ఎస్ (రంగులు, అమరిక చెప్పే భాష) అన్నది దాని పరిధిలో లేదు. 1997లో ఎంహెచ్‌టీఎంఎల్ అనే ప్రమాణం వచ్చింది. పేజీని, దాని బొమ్మలను కలిపి ఒకే సందేశంగా ఎలా మూటకట్టాలో అది చెప్పింది. మూట విప్పాక ఏ ట్యాగుని తప్పనిసరిగా చూపాలన్న జాబితా దాని పని కాదు.

మొదట్లో ఆ లోటు ఎవరికీ తెలియలేదు. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్ తన బ్రౌజర్ ఇంజిన్‌తోనే (పేజీని తెరమీద గీసే భాగం) మెయిల్ చూపించేది. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, ఆ తర్వాత అవుట్‌లుక్ కూడా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజిన్‌నే వాడేవి. వెబ్ పేజీ కట్టడం వచ్చినవాడికి మెయిల్ కట్టడమూ వచ్చినట్టే. అప్పటి వెబ్ పేజీలు ఎలాగూ టేబుళ్లే కాబట్టి ఎవరికీ తేడా కనబడలేదు. హెచ్‌టీఎంఎల్ మెయిల్ అంటేనే మండిపడే సాదా టెక్స్ట్ వర్గం ఒకటి ఆ రోజుల నుంచీ ఉంది, ఇప్పటికీ ఉంది. లినక్స్ కెర్నల్ మెయిలింగ్ లిస్టుకి హెచ్‌టీఎంఎల్ మెయిల్ పంపితే ఈరోజు కూడా తిరిగొచ్చేస్తుంది.

తర్వాత భయం మొదలైంది. బ్రౌజర్ ఇంజిన్‌ని మెయిల్లో పెట్టడమంటే, ముక్కూమొహం తెలియనివాడు పంపిన పేజీని అడక్కుండానే నడపడం. 1999 నవంబరులో వచ్చిన బబుల్‌బాయ్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్‌లాంటి ప్రోగ్రాం) ఈ సంగతిని రుజువు చేసింది. అటాచ్‌మెంట్ నొక్కాల్సిన పని లేదు, మెయిల్ తెరిస్తే చాలు. 2006 జూన్‌లో యామనర్ అనే మరో వార్మ్ యాహూ మెయిల్లో జావాస్క్రిప్ట్ దూరే సందు కనిపెట్టి, పాకిపోయింది. స్క్రిప్టులకు మెయిల్లో చోటు పోయింది, ఫారాల మీద అనుమానం పెరిగింది. కంటికి కనిపించని ఒక పిక్సెల్ బొమ్మతో ఎవరు మెయిల్ తెరిచారో కనిపెట్టే అలవాటు ప్రబలాక, అవుట్‌లుక్ 2003 బయటి బొమ్మలను అడిగితే తప్ప చూపడం మానేసింది. ఇవన్నీ న్యాయమైన జాగ్రత్తలే. కానీ ఏ కంపెనీ తీసుకున్న జాగ్రత్త దానిది.

వెబ్‌మెయిల్ ఇబ్బంది వేరు. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ మొదలుపెట్టాక, మెయిల్‌ని చూపించేది బ్రౌజరే అయింది, కానీ ఇంకొకరి పేజీ లోపల. అద్దెకు దిగినవాడు తన గదికి వేసుకున్న రంగు ఇల్లంతా అంటుకుంటే ఇంటాయన ఊరుకోడు. న్యూస్‌లెటర్లో "పేరాలన్నీ ఎరుపు" అని రాస్తే ఇన్‌బాక్స్ మెనూలు కూడా ఎర్రబడే ప్రమాదం ఉంది. యాహూ ప్రతి క్లాస్ పేరు ముందూ తన సొంత అక్షరాలు తగిలించి గోడ కట్టింది. 2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిల్ అంత ఓపిక పడలేదు. తలభాగంలో స్టైల్ సూచనలన్నీ ఒకేచోట ఉండే స్టైల్ బ్లాకుని ఏకంగా పీకేసింది. ట్యాగు మీదే రాసిన ఇన్‌లైన్ స్టైల్ మాత్రం ఉండనిచ్చింది. జీమెయిల్ వాడేవాళ్లు కోట్లకు చేరేసరికి ప్రపంచమంతా దానికి లొంగక తప్పలేదు. ప్రతి సెల్‌కీ అదే ఫాంటు, అదే రంగు మళ్లీమళ్లీ రాసి ఉండటానికి కారణం ఇదే. చేత్తో రాయలేక ఆ పని చేసిపెట్టే ఇన్‌లైనర్ టూల్స్ పుట్టాయి.

అందరికీ గుర్తుండిపోయిన దెబ్బ మాత్రం 2007లో తగిలింది. అవుట్‌లుక్ 2007లో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఇంజిన్‌ని తీసేసి, మెయిల్ చూపించే పనిని ఎంఎస్ వర్డ్‌కి అప్పగించింది. అప్పటికే చాలామంది అవుట్‌లుక్‌లో మెయిల్ రాసేది వర్డ్‌తోనే. రాసేది, చదివేది ఒకటే ఇంజిన్ అయితే పంపినట్టే కనిపిస్తుందన్నది వాళ్ల వాదన. ఆఫీసులో ఇద్దరు ఉద్యోగులు ఒకరికొకరు రాసుకునే మెయిళ్లకు ఈ లెక్క సరిపోతుంది. బయటినుంచి వచ్చే డిజైన్‌కి మాత్రం ఇది పదేళ్లు వెనక్కి నడవడమే అయింది. పక్కపక్కన అమర్చే ఫ్లోట్ లేదు, కోరిన చోట నిలబెట్టే పొజిషన్ లేదు, సీఎస్ఎస్ బ్యాక్‌గ్రౌండ్ బొమ్మలు లేవు. కదిలే జిఫ్ మొదటి ఫ్రేము దగ్గరే ఆగిపోతుంది. డివ్ అనే డబ్బాకి ఇచ్చిన ప్యాడింగ్ (లోపలి ఖాళీ) గాలికి పోతుంది. వర్డ్‌కి బాగా తెలిసిన నిర్మాణం ఒక్కటే: టేబుల్. వెబ్ టేబుళ్లను వదిలేసి సీఎస్ఎస్ లేఅవుట్లకు మారిపోయిన ఆ రోజుల్లోనే మెయిల్ వాటికి కట్టుబడిపోయింది.

ఆస్ట్రేలియాకు చెందిన క్యాంపెయిన్ మానిటర్ సంస్థవాళ్ల చొరవతో మెయిల్ సాఫ్ట్‌వేర్లు వెబ్ ప్రమాణాలు పాటించాలంటూ అదే ఏడాది నవంబరులో ఈమెయిల్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ మొదలైంది. 2009 జూన్‌లో, తర్వాతి అవుట్‌లుక్‌లోనూ వర్డే ఉండబోతోందని తెలిశాక, ట్విట్టర్‌లో పెద్ద నిరసన నడిపారు. 20,000కు పైగా ట్వీట్లు పడ్డాయి. మైక్రోసాఫ్ట్ జవాబిచ్చింది. మెయిల్ రాయడానికి వర్డే ఉత్తమమని, అసలు ఈమెయిల్‌లో హెచ్‌టీఎంఎల్ ఎంతవరకు ఉండాలన్నదానిపై పరిశ్రమలో ఏకాభిప్రాయమే లేదని ఆ జవాబు సారాంశం. వినగానే ఒళ్లు మండే మాట. అయితే రెండో సగం అబద్ధం కాదు. మైమ్ నాటి ఖాళీ అలాగే ఉంది మరి.

ఏం చేస్తారు? సందులు వెతుక్కున్నారు. అవుట్‌లుక్ మాత్రమే చదివే కండిషనల్ కామెంట్లు పెట్టి, అందులో దానికి వేరే టేబుల్ ఇచ్చారు. మూలలు గుండ్రంగా ఉన్న ఒక బటన్ కోసం 1998 నాటి, వెబ్ ఎప్పుడో మరిచిపోయిన వీఎంఎల్ అనే గీతల భాషను తవ్వి తీశారు. ఇంకో తిరకాసు ఉంది. అవుట్‌లుక్ అన్న పేరు ఒకటే గానీ విండోస్‌లో వర్డ్, మ్యాక్‌లో వెబ్‌కిట్ అనే బ్రౌజర్ ఇంజిన్, అవుట్‌లుక్ డాట్ కామ్‌లో ఇంకో వడపోత, ఫోన్ యాప్‌లో మరొకటి. "అవుట్‌లుక్‌లో చెడిపోయింది" అని పని ఇచ్చిన కస్టమర్ ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న "ఏ అవుట్‌లుక్ సార్?" అనే.

2007లోనే ఐఫోన్ కూడా వచ్చింది, దాని మెయిల్ యాప్‌లో నిఖార్సయిన బ్రౌజర్ ఇంజిన్‌తో. 2010లో ఈథన్ మార్కాట్ రెస్పాన్సివ్ డిజైన్ అన్న ఆలోచన చెప్పాక, తెర వెడల్పుని బట్టి మారే మీడియా క్వెరీలు ఐఫోన్ మెయిళ్లలో చక్కగా పనిచేశాయి. జీమెయిల్లో పనిచేయలేదు, స్టైల్ బ్లాకే ఉంచదు కాబట్టి. మీడియా క్వెరీలు లేకుండానే కుదించుకునే హైబ్రిడ్ పద్ధతి అలా పుట్టింది. చివరికి 2016 సెప్టెంబరులో జీమెయిల్ దిగొచ్చి, స్టైల్ బ్లాకునీ మీడియా క్వెరీలనూ ఉండనిచ్చింది. అందులోనూ మెలిక ఉంది: జీమెయిల్ యాప్‌లో వేరే కంపెనీ మెయిల్ అకౌంట్ పెట్టుకుంటే పాత కథే.

ప్రమాణం లేని చోట టెస్టింగే ప్రమాణం అవుతుంది. మొదట్లో ఒక్కో వెర్షన్‌కి ఒక్కో పాత కంప్యూటర్ అట్టేపెట్టుకునేవాళ్లు. 2005లో లిట్మస్, 2009లో ఈమెయిల్ ఆన్ యాసిడ్ వచ్చాక, ఒక్కసారి పంపితే పదుల మెయిల్ క్లయింట్లలో (మెయిల్ చూపే సాఫ్ట్‌వేర్లలో) స్క్రీన్‌షాట్లు వచ్చే సదుపాయం ఏర్పడింది. 2019లో మొదలైన క్యాన్ ఐ ఈమెయిల్, ఏ సీఎస్ఎస్ గుణం ఎక్కడ పనిచేస్తుందో పట్టికగా చూపిస్తోంది. రచయితలకు టేబుళ్లు కనబడకుండా దాచే ఎంజేఎంఎల్ వంటి భాషలు వచ్చాయి, అయితే అవి చివరికి బయటికి తీసేది టేబుళ్లనే. స్క్రీన్‌షాట్‌కి పరిమితి ఉందని కూడా చెప్పాలి. బటన్ వేలికి అందుతుందా, స్క్రీన్ రీడర్ ఆ లేఅవుట్ టేబుల్‌ని "మొదటి వరస, రెండో నిలువు" అని చదివి విసిగిస్తుందా అన్నవి ఫొటోలో తెలియవు.

దేన్ని టెస్ట్ చేయాలో తేల్చుకోవడం కూడా కష్టమైంది. పాఠకులు ఏ క్లయింట్ వాడుతున్నారో చెప్పేది ఆ కనిపించని పిక్సెలే. 2013 డిసెంబరు నుంచి జీమెయిల్ బొమ్మలన్నిటినీ తన సర్వర్ల ద్వారా తెచ్చి చూపిస్తోంది, పంపినవాడికి కనిపించేది ఆ సర్వరే. 2021లో యాపిల్ ఐఓఎస్ 15తో ఒకడుగు ముందుకేసి, పాఠకుడు తెరిచినా తెరవకపోయినా బొమ్మలను ముందే దింపేస్తోంది. పాఠకుడికి మేలే. టెస్టింగ్ జాబితా రాసుకునేవాళ్లకు సగం లెక్క ఊహ. ఈలోగా 2019 ప్రాంతం నుంచి డార్క్ మోడ్ తగులుకుంది. ఒక క్లయింట్ రంగులు ముట్టుకోదు, ఇంకొకటి తెల్ల నేపథ్యం మాత్రం మారుస్తుంది, మరొకటి అన్నిటినీ తిప్పేస్తుంది. నేపథ్యం లేని నల్ల లోగో చీకట్లో కలిసిపోతుంది.

తెలుగులో పంపేవాళ్లకు ఈ తలనొప్పులన్నీ ఉన్నవే, పైన ఇంకొన్ని. అన్ని లిపులనూ కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే ఆరు కోడ్‌లు, అంటే పద్దెనిమిది బైట్లు. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ని మధ్యలో కత్తిరిస్తుంది కాబట్టి, ఇంగ్లీషులో సరిపోయిన టెంప్లేట్ తెలుగులో తెగిపోయి, అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాయమవుతుంది. సబ్జెక్ట్ లైన్‌ని పంపేటప్పుడు చిన్న ముక్కలుగా ఎన్‌కోడ్ చేస్తారు. నాసిరకం సాఫ్ట్‌వేర్ ఆ ముక్కని అక్షరం మధ్యలో విరిచేస్తే ప్రశ్నగుర్తుల వజ్రాలు మిగులుతాయి. అందమైన తెలుగు వెబ్ ఫాంట్లు యాపిల్ మెయిల్లో వస్తాయి, జీమెయిల్లో రావు. అక్కడ విండోస్ మీదైతే గౌతమి, నిర్మలా వంటి సిస్టం ఫాంట్లే గతి. ఇక అవుట్‌లుక్ కోసం పెట్టే "లైన్ ఎత్తు కచ్చితంగా ఇంతే" అన్న సెట్టింగ్. ఇంగ్లీషు లెక్కన రాసిన ఆ కొలతని అలాగే ఉంచితే, పైన గుడి కింద ఒత్తు ఉన్న మన అక్షరాల కొసలు తెగుతాయి. టెస్టింగ్ సేవలిచ్చే స్క్రీన్‌షాట్లలో దీన్ని పట్టుకోవాలంటే తెలుగు చదవడం వచ్చిన మనిషి చూడాలి. ఇదంతా ఎందుకని చాలామంది ఆహ్వానాన్ని మొత్తం ఒక బొమ్మగా చేసి పంపేస్తారు. బొమ్మలు ఆపేసి ఉన్న ఆఫీస్ కంప్యూటర్లో అది ఖాళీ డబ్బా.

మన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యాక కూడా వర్డ్ ఇంజిన్ పదేళ్లు కదలలేదు. వెబ్ ఆధారంగా కట్టిన కొత్త అవుట్‌లుక్ విండోస్‌లో 2024 ఆగస్టులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో వర్డ్ లేదు. కానీ అదీ వెబ్‌మెయిల్ కుటుంబమే, దాని వడపోత దానికుంది. పాత అవుట్‌లుక్‌కి కనీసం 2029 దాకా సపోర్ట్ ఇస్తామని కంపెనీయే చెప్పింది. బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసులు, పెద్ద కంపెనీల వంటి చోట్లకు పంపేవాళ్లు ఆ వింత కామెంట్లను అప్పటిదాకా తీయలేరు.