వినిపించని 'ఏ'

ఫ్రెంచి తత్వవేత్త జాక్ దెరిదా 1968 జనవరి 27న పారిస్‌లో, అక్కడి తత్వశాస్త్ర సంఘం ముందు 'దిఫెరాఁస్' అనే మాట మీద ప్రసంగించాడు. తేడా అనే అర్థంలో ఆ మాట (différence) ఫ్రెంచిలో ఎప్పట్నుంచో ఉంది. అందులో రెండో 'ఈ' (e) అక్షరం తీసేసి, దాని చోట 'ఏ' (a) పెట్టాడు. కాగితం మీద చూస్తే అచ్చుతప్పేమో అనిపిస్తుంది. చెవికి మాత్రం రెండూ ఒకటే. అందుకే ఆ ప్రసంగంలో 'ఏ'తో రాసేదా, 'ఈ'తో రాసేదా అన్నది నోటితో విడిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

ఒకసారి నెమ్మదిగా పలికి చూద్దాం. ది-ఫె-రాఁస్, మూడే ముక్కలు. మొదటిది డబ్బాలోని 'డ' కాదు, దారంలోని 'ద'. 'ర'ని నాలుక కొనతో పలకరు, గొంతు లోపలి నుంచి వస్తుంది. ఉర్దూ వాళ్లు 'గజల్' అన్నప్పుడు వినిపించే మొదటి ధ్వనికి అది దగ్గర. ఆ తర్వాతిదే అసలు కిటుకు: 'ఆ' అంటూనే గాలిని ముక్కులోంచి కూడా వదలాలి. నాలుక పళ్లకి తగిలిందా, 'న్' అయిపోతుంది. మన పాత పుస్తకాల్లోని అరసున్న దీనికి చక్కగా సరిపోతుంది. ఇక్కడ 'ఏ' పక్కన 'ఎన్' రాసినా, 'ఈ' పక్కన 'ఎన్' రాసినా పలికేది ఈ ఒక్క ధ్వనే.

ఇంకో విచిత్రం. రాతలో రెండు 'ఎఫ్'లు ఉంటాయి. పంక్తి చివర మాటని అక్కడ విరవాల్సి వస్తే వాటి మధ్యే విరుస్తారు. నోట్లో మాత్రం ఒక్కటే పలుకుతుంది. ద్విత్వం కనిపిస్తే ఒత్తి పలికే అలవాటు మనది. 'అక్క'లో మొదటి అక్షరం గురువు అయ్యేది అందుకే. ఆ అలవాటుతో 'దిఫ్ఫె' అంటే తప్పు.

ఇదంతా ఉచ్చారణ పాఠం మాత్రమే కాదు. 'దిఫెరే' అనే క్రియకి తేడాగా ఉండటం, వాయిదా వేయటం అని రెండర్థాలు. వాడుకలోని నామవాచకంలో తేడా మిగిలింది, వాయిదా పోయింది. కొత్త 'ఏ'తో దెరిదా రెంటినీ ఒకే మాటలోకి తెచ్చాడు. ఏ మాటకైనా అర్థం మిగతా మాటలతో ఉన్న తేడా వల్లే పుడుతుందనీ, అది ఎప్పటికీ పూర్తిగా చేతికి చిక్కక వాయిదా పడుతూనే ఉంటుందనీ ఆయన వాదన. రాత అనేది మాటకి నకలు మాత్రమే అనే పాత నమ్మకాన్ని, నోటికి అందని ఒక్క అక్షరంతో ప్రశ్నించాడు. నాకు ఇది చాలా అందమైన ఆలోచన.

పలికినట్టు రాసుకునే మన లిపిలోకి వచ్చేసరికి రెండు మాటలూ 'దిఫెరాఁస్' అయి కూర్చుంటాయి. చెవికే కాదు, కంటికి కూడా ఆ తేడా అందదు. తెలుగులో దెరిదా గురించి రాసేవాళ్లు పక్కన 'ఏ'తో అని చెప్పక తప్పదు, ఆ రోజు ఆయన చెప్పుకున్నట్టే.