కారమెల్ ఆపిల్: బ్లేడు భయం సరే, పుల్ల సంగతి ఏమిటి?

అక్టోబరు వచ్చిందంటే న్యూజెర్సీలో నేను పనిచేసే మిఠాయి వంటగదికి లడ్డూల ఆర్డర్లతో పాటు ఆపిల్ బుట్టలు కూడా దిగుతాయి. 2024లో దీపావళి, హాలోవీన్ (పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడిగే పండుగ) ఒకే రోజున, అక్టోబరు 31న వచ్చాయి. ఆ వారం మా పొయ్యి ఆరలేదు. కారమెల్ ఆపిల్ అంటే పుల్ల గుచ్చి, పంచదార, క్రీమ్, వెన్నల పాకంలో ముంచిన ఆపిల్. దాన్ని ఇంట్లోనే చేసుకుంటామని అడిగేవాళ్లకు నేను చెప్పే మాటల్లో వంట పద్ధతి తక్కువ, అపోహలు విడగొట్టడం ఎక్కువ. జనం భయపడాల్సిన చోట ధీమాగా ఉంటారు, ధీమాగా ఉండదగ్గ చోట భయపడతారు.

అపోహ: హాలోవీన్ ఆపిల్‌లో ఎవరో బ్లేడు పెడతారు.

అమెరికాలో స్థిరపడిన మన తల్లిదండ్రులకు ఇరుగుపొరుగు ముందుగా చెప్పే కథ ఇదే. డెలావేర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్త జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన పత్రికా వార్తలను ఏళ్ల తరబడి జల్లెడ పట్టారు. ఇంటింటికీ తిరిగి తెచ్చుకున్న తినుబండారంలో అపరిచితులు ఏదో కలపడం వల్ల ఏ పిల్లవాడైనా చనిపోయాడనో, తీవ్రంగా గాయపడ్డాడనో రుజువైన ఉదంతం ఆయనకు దొరకలేదు. సూదులు, బ్లేడ్లు కనిపించాయన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఆకతాయి పనులని తేలింది. 1974లో టెక్సాస్‌లో సైనైడ్ కలిపిన మిఠాయి తిని ఒక బాలుడు చనిపోయిన మాట నిజమే. విషం పెట్టింది మాత్రం బీమా డబ్బుకు ఆశపడిన కన్నతండ్రి.

అయినా ముక్కూ మొహం తెలియని పిల్లలకు ఇంట్లో చేసినవి ఇవ్వకండి. వాళ్ల అమ్మ చెత్తబుట్టలో వేస్తుంది, మీ శ్రమ వృథా. తెలిసినవాళ్లకే పెట్టుకోండి.

అపోహ: పాకం పట్టింది కదా, బల్ల మీద వారం రోజులున్నా ఏమీ కాదు.

అసలు భయపడాల్సింది ఇక్కడ. 2014 చివర్లో దుకాణాల్లో అమ్మిన కారమెల్ ఆపిల్స్ వల్ల అమెరికాలో లిస్టీరియా అనే ప్రమాదకర సూక్ష్మజీవి సోకింది. 12 రాష్ట్రాల్లో 35 మందికి జబ్బు చేసింది, 34 మంది ఆస్పత్రి పాలయ్యారు. ఏడుగురు చనిపోగా, వారిలో కనీసం ముగ్గురి మరణానికి ఈ జబ్బు తోడైందని అధికారులు తేల్చారు. బాధితుల్లో 11 కేసులు గర్భిణులకు, నవజాత శిశువులకు సంబంధించినవి.

మొదట నిపుణులకే ఇది అంతుపట్టలేదు. ఆపిల్ పులుపుకు లిస్టీరియా పెరగలేదు, కారమెల్‌లో దానికి పనికొచ్చే తడి లేదు. మరి ఎక్కడ పెరిగింది? రెండింటికీ మధ్య. పుల్ల గుచ్చినప్పుడు ఆపిల్ రసం పైకి ఊరి, తొక్కకూ పాకానికీ మధ్య పలచటి పొరలా చేరుతుంది. పాకం దాని మీద మూతలా కూర్చుంటుంది. తడి ఆరదు, పులుపు తగ్గుతుంది. వేడి పాకం తొక్క మీది సూక్ష్మజీవుల్లో చాలావాటిని చంపినా, మిగిలిన కొన్నింటికి ఆ పొర చాలు.

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రానీ స్మిత్ అనే రకం ఆపిల్స్ మీద దీన్ని పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. పుల్ల గుచ్చి, పాకంలో ముంచి, గది వేడిమిలో ఉంచిన వాటిలో మూడు రోజుల్లోనే లిస్టీరియా వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. పుల్ల లేనివాటిలో ఆలస్యంగా, తక్కువగా పెరిగింది. ఫ్రిజ్‌లో పెట్టినవి పుల్ల ఉన్నా వారం వరకు నిలకడగా ఉన్నాయి, ఆ తర్వాత కొంత పెరుగుదల కనిపించింది. పుల్ల లేకుండా ఫ్రిజ్‌లో ఉంచినవి నాలుగు వారాలైనా అలాగే ఉన్నాయి.

అందుకని మా వంటగదిలో నియమం ఇది: ముంచిన రోజే తినడం ఉత్తమం, లేదంటే పాకం గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి. వారం దాటితే చెత్తలోకి. ఇంట్లో గర్భిణులు, ముసలివాళ్లు ఉంటే నిల్వ సరుకు జోలికే వెళ్లనివ్వకండి. పాత కారమెల్ ఆపిల్ చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, వాసన కూడా రాదు.

అపోహ: నిగనిగలాడే ఆపిల్‌కే పాకం బాగా పడుతుంది.

ఆ నిగనిగే పాకానికి శత్రువు. దుకాణంలో కొన్న ఆపిల్ మీద సాధారణంగా కార్నౌబా అనే తాటి జాతి చెట్టు మైనమో లక్కపూతో ఉంటుంది. (లక్క పురుగుల నుంచి వచ్చేది, పట్టింపు ఉన్న శాకాహారులు తోటలో స్వయంగా కోసుకున్న కాయలు వాడతారు.) మరిగే నీళ్లలో ఆపిల్‌ను పది సెకన్లు ముంచి, గరుకు తువాలుతో గట్టిగా రుద్దండి. మెరుపు చచ్చి తొక్క మసకబారాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరాలి, ముఖ్యంగా తొడిమ గుంటలో. అక్కడ ఒక్క నీటి చుక్క నిలిచినా పాకం జారేది అక్కడి నుంచే.

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి ఆపిల్‌కు పాకం త్వరగా పట్టేస్తుందన్నది దీనికి తమ్ముడు లాంటి అపోహ. పట్టేస్తుంది, కాసేపటికి చెమట పట్టి జారిపోతుంది.

అపోహ: థర్మామీటర్ లేనిదే కుదరదు.

ఉంటే మంచిదే. కారమెల్‌ను 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర దించాలి. ఎత్తయిన ఊళ్లలో ఉండేవాళ్లు మాత్రం అంకెను గుడ్డిగా నమ్మకూడదు: డెన్వర్‌లో నీళ్లు 95 డిగ్రీలకే మరుగుతాయి, కాబట్టి పాకాన్ని కూడా ఆ అయిదు డిగ్రీలు ముందే దించాలి.

అరిసెల పాకం చూసిన చేతికి ఈ పరికరంతో పెద్దగా పని లేదు. చల్లటి నీళ్ల పళ్లెంలో చుక్క వేసి వేళ్లతో దగ్గరకు తీస్తే ఉండ కావాలి. అరిసెల ఉండ మెత్తగా సాగిలపడుతుంది. కారమెల్ ఉండ నీళ్లలోంచి తీశాక కూడా ఆకారం నిలుపుకొని, నొక్కితేనే లొంగాలి. టక్కున విరిగిందంటే పల్లీపట్టీ పాకం దాకా వెళ్లిపోయారన్నమాట. గాజులా మెరిసే ఎర్ర క్యాండీ ఆపిల్‌కు కావలసిన పాకం అది. అది వేరే వంట. 1908లో మా రాష్ట్రంలోని నెవార్క్‌లో విలియం కోల్బ్ అనే మిఠాయి వ్యాపారి దాన్ని మొదలుపెట్టారని చెబుతారు.

అపోహ: పాకాన్ని కలిపితే పలుకు కడుతుంది.

ఉత్త పంచదార పాకం విషయంలో నిజం. కారమెల్‌లో క్రీమ్ ఉంటుంది, కలపకపోతే అడుగంటుతుంది. ఆరు ఆపిల్స్‌కు 200 గ్రాముల పంచదార, అర కప్పు కార్న్ సిరప్, కప్పు క్రీమ్, 60 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు దళసరి గిన్నెలో వేసి, మధ్యస్థ మంట మీద అడుగు తగిలేలా కలుపుతూ ఉండండి. ఆ బంగారు రంగు, కమ్మదనం పంచదార మాడడం వల్ల వచ్చేవి కావు. పాలలోని ప్రొటీన్లు, చక్కెరలు వేడికి కలిసి చేసే పని అది. పలుకు కట్టకుండా చూసేది కార్న్ సిరప్‌లోని గ్లూకోజ్. దాన్ని శీతల పానీయాల్లో వాడే అధిక ఫ్రక్టోజ్ సిరప్‌తో కలిపి తిట్టకండి, రెండూ వేరు.

దించాక తొందరపడి ముంచవద్దు. 90 డిగ్రీలకు చల్లారితే పాకం చిక్కబడి ఆపిల్‌ను పట్టుకుంటుంది. ముంచి తీసి, అడుగును గిన్నె అంచుకు ఒకసారి రాసి, వెన్న పూసిన కాగితం మీద నిలబెట్టండి. పాకం చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తుంది, పిల్లల చేత ముంచించకండి.

అపోహ: పంచదార బదులు బెల్లం వేస్తే ఆరోగ్యం.

ఒంటికి రెండూ ఒకటే తీపి. పైగా బెల్లం పడగానే వేడి క్రీమ్ విరిగే ప్రమాదం ఉంది. బెల్లం రుచే కావాలంటే క్రీమ్ స్థానంలో చిక్కటి కొబ్బరి పాలు పోయండి.

అపోహ: ఇది పూర్తి శాకాహారమే.

పాకం వరకు అవును. పైన అద్దేవాటిని చూసుకోండి. పల్లీలు, నువ్వులు కొందరు పిల్లలకు పడవు, బడికి పంపేటట్లయితే ముందే అడగాలి. మార్ష్‌మాలోలనే మెత్తటి మిఠాయిల్లోనూ, హాలోవీన్‌కు అమ్మే క్యాండీ కార్న్ అనే మొక్కజొన్న గింజ ఆకారపు మిఠాయిలోనూ చాలావరకు జెలటిన్ ఉంటుంది. అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసినది. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అద్దాలు పెట్టుకుని చదవండి.