గోడల్ని గుద్దుకునే పిల్లలకు బరువు పనులు

సోఫా మీంచి పదేపదే దూకడం, నడుస్తూ గోడకి భుజం కొట్టుకోవడం, తమ్ముణ్ని ఊపిరాడనంత గట్టిగా వాటేసుకోవడం... ఇలాంటి పిల్లల్ని అల్లరివాళ్లని తిడతాం. వాళ్లలో చాలామంది తమ కండరాలు, కీళ్ల నుంచి వచ్చే కబురు కోసం వెతుక్కుంటున్నారని ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే చికిత్సకులు) అంటారు. కండరం ఎంత సాగింది, దానిమీద ఎంత బలం పడుతోంది అన్నది మెదడుకు చేరవేసే గ్రాహకాలు కండరాల్లోనూ, అవి ఎముకకు అతుక్కునే చోటా ఉంటాయి. కళ్లు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో మనకు తెలిసేది వాటివల్లే. ఇంద్రియాలు పంపే కబుర్లను మెదడు ఎలా కలిపి వాడుకుంటుందన్న దానిపై అమెరికన్ థెరపిస్టు జీన్ ఏర్స్ 1972లో వెలువరించిన సిద్ధాంతం ఈ ఆలోచనకు ఊతమిచ్చింది. అందులో అన్నిటికీ గట్టి రుజువులు దొరకలేదు. అందుకే ఏ పద్ధతినైనా రెండు వారాలు చేసి, మీ బిడ్డలో మార్పు కనిపిస్తేనే కొనసాగించండి.

కండరాలకు, కీళ్లకు బలం పెట్టించి ఆ కబురు అందించేవే బరువు పనులు. వాటికి ఇరుకు ఫ్లాటు అడ్డు కాదు. చపాతీ పిండి గట్టిగా కలపడం, తడి తువ్వాలు పిండడం, పరుపును గోడవైపు తొయ్యడం, లిఫ్టు వదిలి మెట్లెక్కడం, పప్పు డబ్బాలు అల్మరాలో సర్దడం, అన్నీ పనికొస్తాయి. బడి సంచి శరీర బరువులో 10 శాతం మించకూడదని 2020లో కేంద్రం విధానం పెట్టింది. మోయించే బరువుకీ అదే హద్దు పెట్టుకోండి: 20 కిలోల పిల్లకు 2 కిలోలు. హోంవర్కుకో, క్షవరానికో, ఫంక్షన్ హాలుకో ముందు పది, పదిహేను నిమిషాలు చాలు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: ఏడుపు మొదలయ్యాక పని చెబుతారు. అప్పటికి పిల్లకు మాట వినే స్థితి ఉండదు. అప్పుడు లైటు తగ్గించి, మాటలు తగ్గించి, పక్కన కూర్చోవడమే మేలు. పనిని శిక్షగా వాడితే ఆ దారీ మూసుకుపోతుంది.

ఉయ్యాల సంగతి జాగ్రత్త. ఫ్యాను కొక్కేనికి కట్టకండి. ఫాల్స్ సీలింగుకి అసలే వద్దు. నిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగితే, కిందికి వచ్చిన క్షణంలో తాడు మీద పిల్ల బరువుకు రెట్టింపు పడుతుంది. మేస్త్రీ చేత శ్లాబులో యాంకర్ బోల్టు వేయించి, కింద పరుపు పరచండి. చీర ఉయ్యాల మెడకు చుట్టుకుంటుంది, పిల్లను ఒంటరిగా వదలకూడదు. ముందుకూ వెనక్కీ నెమ్మదిగా ఊపితే చాలామంది శాంతిస్తారు. గిరగిరా తిప్పితే తిప్పడం ఆగాక కూడా చెవిలోపలి ద్రవం కాసేపు కదులుతూనే ఉంటుంది. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా వెంటనే ఆపండి. మూర్ఛ ఉన్న పిల్లలకు డాక్టర్‌ని అడగందే తిప్పొద్దు.

మిక్సీ మోత భరించలేని పిల్లలకు స్విచ్ తామే నొక్కే అవకాశం ఇవ్వండి. తాను చేసిన, ముందే తెలిసిన శబ్దాన్ని మెదడు కొంత తగ్గించి వింటుంది. మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాటు వేసి, వంటింటి తలుపు మూస్తే మోత ఇంకా తగ్గుతుంది. ఇయర్‌మఫ్‌లు మోత ఉన్నంతసేపే; రోజంతా పెడితే చెవి మామూలు శబ్దాలకూ ఉలిక్కిపడేలా తయారవుతుంది. వినాయక నిమజ్జనం నాటి తీన్‌మార్ డప్పుల్లోని లోతైన మోతను అవి అంతగా ఆపలేవు కూడా. ఊరేగింపు దారికి దూరంగా ఉన్న చుట్టాలింటికి మధ్యాహ్నమే వెళ్లిపోవడం మంచిది.

స్పర్శ విషయానికొస్తే, యూనిఫాం కాలరు లేబుల్ కుట్టు దాకా విప్పి తీసేయండి. కత్తిరించి వదిలిన అంచు ఇంకా గుచ్చుతుంది. తలంటేటప్పుడు వేళ్లతో తేలిగ్గా రాయకుండా అరచేతితో నిదానంగా, గట్టిగా అదమండి.

ఈ తీరు ఆటిజంలో తరచుగా కనిపిస్తుంది, ఆటిజం లేని పిల్లల్లోనూ ఉంటుంది. మాటలు ఆలస్యమైనా, వచ్చిన మాటలు పోయినా, పిలిస్తే పలకకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. మేధోపరమైన, ఎదుగుదల సమస్యలున్న పిల్లలను అక్కడ చూస్తారు. థెరపిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజుల కాగితం పట్టుకెళ్లండి: ఏ వేళ, దేనికి ముందు, ఎంతసేపు ఏడ్చింది, ఏం చేస్తే తగ్గింది.